మోసే రాయి, ఎత్తే రాయి

నా చిన్నప్పుడు నేను పెద్ద తెలివితక్కువవాణ్ని. ఇప్పుడు పెద్దవాణ్నయ్యాను కాబట్టి చిన్న తెలివితక్కువవాణ్నని మా ఇంటావిడ అంటుంది. వయసుతో పాటు నాలో తగ్గింది అదొక్కటే కాబట్టి నేనూ కాదనను. ఆ తెలివితక్కువ పనుల్లో మొదటి వరసలో నిలబడేది నా బలం సంగతి. బలమంటే చెమట అనుకున్నాను. ఎంత చెమట కారితే అంత బలం చేరుతుందని నమ్మాను. ఒంట్లోంచి పోయేదాన్ని చూసి ఒంట్లోకి వస్తున్నదని మురిసిపోయేవాణ్ని ఏమనాలో మీరే చెప్పండి.

మాది నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో ఒక ఊరు. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. రాజధాని దగ్గరికొచ్చిందని అందరూ సంబరపడ్డారు గానీ, మా పేటకు మాత్రం ఊరే చాలా దూరంగా ఉండేది. పేటలో అందరం ఆదివారం చర్చికి పోయేవాళ్లం, మిగిలిన ఆరు రోజులూ పెద్దిళ్ల పొలాల్లోకి పోయేవాళ్లం. నేను మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివి, ఆ తర్వాత పెద్దింట్లో జీతానికి కుదిరాను. జీతగాడంటే ఏడాది పొడుగునా ఆ ఇంటి పశువులకూ పొలానికీ కట్టుబడ్డవాడు. జీతం మధ్యలో ఒక 'వి' చేరిస్తే జీవితం అవుతుంది. ఆ 'వి' చేర్చేవాళ్లే మాకు ఎవరూ దొరకలేదు.

ఊళ్లో గరిడీ ఉండేది. కుస్తీలూ కసరత్తులూ చేసే చోటన్నమాట. దాని ముందు ఒక నల్లటి రాతిగుండు. నిండు మనిషి బరువు ఉంటుంది. పట్టుకుందామంటే దానికొక మూల లేదు, అంచు లేదు. నూనె రాసిన ఎనుము వీపులా నున్నగా మెరుస్తుండేది. ఉగాది నాడు దాన్ని చావిడి ముందరి బయలుకు తెచ్చి, పెద్దిళ్ల మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు భుజానికి ఎత్తేవాళ్లు. బాగా ఎత్తినవాడికి తలపాగా చుట్టేవాళ్లు. గుండును గరిడీ నుంచి బయలుకు తేవడం, పందెం అయిపోయాక మళ్లీ గరిడీకి చేర్చడం మా పేటవాళ్ల పని. దుంగకు తాళ్లు కట్టి, దానికి గుండును వేలాడదీసి, నలుగురు మోసుకొచ్చేవాళ్లు. తాళ్లు కట్టేటప్పుడు మా చేతులు రాయికి తగిలేవి. అప్పుడు ఎవరికీ అంటు కనబడేది కాదు. అదే చేతులు ఆ రాయిని ఎత్తబోతే మాత్రం అంటు. ఒకటే రాయి, ఒకటే చేతులు. నడుమ మాట ఒకటే తేడా.

నాకు పద్నాలుగేళ్లు వచ్చిన ఉగాదికి ఆ తేడా తెలిసింది. పందెం అయిపోయింది. పెద్దింటి రెండో కొడుకు తలపాగా గెలిచాడు. ఆయన్ని మేము చిన్నప్ప అనేవాళ్లం. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, ఐదారేళ్లుగా తలపాగా ఆయనదే. గుండు మోసే మా నాయనా, మిగతా ముగ్గురూ దాన్ని తిరిగి తీసుకుపోవడానికి తాళ్లు విప్పుకుంటున్నారు. నేను పోయి ఊరికే, చూద్దామని, గుండు చుట్టూ చేతులు వేసి నా ఎదకు ఆనించుకున్నాను. అది కదల్లేదు. ఊరు కదిలింది.

"ఏయ్! ఏందిరా చేస్తాండావ్?" అని చిన్నప్ప కేక వేశాడు. "అది మీకు మోసే రాయి రా. ఎత్తే రాయి గాదు!"

నాయన పరుగున వచ్చి నన్ను పక్కకు లాగాడు. ఎవరో పసుపునీళ్లు తెమ్మన్నారు. బిందె వచ్చింది. రాయిని కడగాలి. కడిగింది మా నాయనే. అంటు వదిలించడానికి కూడా అంటరాని చేతులే కావలసి వచ్చాయి. అందులోని వింత అక్కడ ఒక్కరికీ తట్టలేదు. నాయన వంగి రాయి తోముతుంటే, చొక్కా లేని ఆ వీపు మీద వెన్నుపూసలు ఒక్కొక్కటే లెక్కబెట్టుకునేటట్టు కనబడ్డాయి. ఆయన నన్ను తిట్టలేదు. ఇంటికి పోయేదాకా నా ముందే నడిచాడు. తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్నేమో. వచ్చే ఉగాదికి ఆ రాయి నా భుజం మీద ఉండాలని ఆ దారిలోనే అనుకున్నాను.

ఇక నా తెలివితక్కువతనం మొదలు. గరిడీ గోడకు ఒక కంత ఉండేది. అందులోంచి చూసి, నేల మీద బోర్లా వంగి దండీలు తీయడం, గుంజీళ్లలా బస్కీలు తీయడం నేర్చుకున్నాను. పెద్దింట్లో నా పని కోడికూతతో మొదలయ్యేది. పేడ ఎత్తాలి, పశువులకు కసువు, అంటే గడ్డి, వేయాలి, తొట్లు నింపాలి, ఎద్దులు తోలుకుని చేనికి పోవాలి, మధ్యాహ్నం ఇంటింటికీ తిరిగి కూలోళ్ల సద్ది మూటలు చేనికి చేర్చాలి, సాయంత్రం గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని రావాలి. ఇన్ని పనుల మధ్య కసరత్తుకు చోటు ఎక్కడ? కోడి కంటే ముందు లేస్తే చాలనుకున్నాను. లేచి నూరు దండీలు, నూరు బస్కీలు. అవి కాక, బలం వస్తుందని, రెండు విడతల గడ్డి ఒకే మోపు కట్టి మోసేవాణ్ని. నెల తిరిగేసరికి చేతుల దండలు పెరగలేదు, దండీలు మాత్రం దండగయ్యాయి. సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాణ్ని.

ఒకరోజు గుంటక తోలుతున్నాను. దున్నిన చేను చదును చేయడానికి ఎద్దులు లాగే పనిముట్టు అది, బరువు కోసం మనిషి దాని మీద నిలబడతాడు. నేను నిలబడే నిద్రపోయాను. ఎద్దులు నాకంటే మేలుకొని ఉన్నాయి కాబట్టి నేరుగా పక్క చేనిలోని కొర్రలోకి నడిచాయి. నాలుగు సాళ్ల పచ్చటి పైరు మట్టిలో కలిసింది. నేను కళ్లు తెరిచేసరికి గట్టు మీద చిన్నప్ప నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"ఏం రా వస్తాదూ, గుండెత్తుతావంట గదా?" అన్నాడు. "ముందు రెప్పలెత్తు!"

చేనంతా నవ్వింది. మాట బాగా పడిందని నాకూ అనిపించింది, అదే ఎక్కువ బాధ. ఆనాటి నుంచి నా పేరు రెప్పల వస్తాదు.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పుకుని ఏడ్చాను. ఆమె పొద్దంతా బురదలో వంగి నాట్లు వేసి, నడుము పట్టుకుని కూర్చుని ఉంది. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. విన్నది మా అవ్వ, నాయనను కన్నతల్లి. వయసులో ఉన్నప్పుడు ఆమె బేతంచెర్ల దిక్కున గనుల్లో నాపరాళ్లు బండ్లకు ఎత్తిన మనిషి. ఒక్క పిడికెడు ఉండేది. మాట మాత్రం రాయి. నన్ను దగ్గరికి పిలిచి, సంతలో గొర్రెను చూసినట్టు నా దండలు పట్టి, నొక్కి చూసింది.

"ఇది అలుపు రా నాయనా, బలుపు గాదు," అంది. "దినమంతా కసువు మోస్తే కసువు మోసే అలవాటొస్తాది. గుండెత్తే బలం యాడొస్తాది? దానిమీద మళ్లా నూరు దండీలంట! ఆకలైనోనికి వక్కాకు పెట్టినట్టుండాది."

మరుసటి రోజు నుంచి దండీలు ఆపమంది. తెల్లవారుజాము నిద్ర నాకు తిరిగి ఇచ్చేసింది. ఆమె కూడా నా వల్ల కాదని తేల్చేసిందని రెండు రోజులు ఆమె మీద అలిగాను. మూడో రోజు మధ్యాహ్నం సద్ది మూట కోసం ఇంటికొచ్చినప్పుడు, గోడవార పడి ఉన్న అంచు విరిగిన రోలు చూపించింది. పాతరోలు, పనికిరానిది. దాని గుంటలో తేళ్లు చేరుతున్నాయని మూతికి మట్టి మెత్తేసింది. "నేను మూట గట్టేంతసేపు దాన్ని ఆ గోడ కాణ్నుంచి ఈ గడప కాడికి తే. మళ్లా ఆడ పెట్టు. మూడు మార్లు. సోమారం, బుధారం, శుక్రారం. అంతే."

అంతేనా, అన్నాను. అంతే, అంది. మిగతా దినాలు? మిగతా దినాలు గోడ ఆరల్ల గదా, అంది. మట్టిగోడ ఎట్లా కడతారో మా పేటలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒక వరస పెట్టి, అది ఆరేదాకా ఆగి, దాని మీద ఇంకో వరస పెడతారు. తొందరపడి పచ్చివరస మీద వరస పెడితే రెండూ కూలుతాయి. నేను మూడు నెలలుగా చేస్తున్నది అదేనని ఆమె లెక్క. ఆదివారం అయినా ఇంకో మూడు మార్లు ఎత్తుతానని బతిమాలాను. "దేవుడే ఏడో దినం కూచున్నాడు. నీకేం రా అంత తొందర పని?" అంది. పాదిరిగారు ఎన్ని వాక్యాలు చెప్పినా సబ్బాతు గురించి నాకు అర్థమైంది ఆ ఒక్క మాటతోనే.

ఎట్లా ఎత్తాలో కూడా ఆమే చెప్పింది. నేను నడుము వంచి చేతులతో లాగబోయాను. బిడ్డను అట్లా లాగుతామా అని నెత్తిన ఒకటి వేసింది. కూర్చుని, ఎదకు కరుచుకుని, కాళ్లతో లేవాలి. ముందు ఒళ్లోకి, తర్వాత ఎదకు, ఆ తర్వాతే భుజానికి. మెట్టుమెట్టుకూ ఒకసారి ఊపిరి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆమె చెప్పిన ఇంకో మాట ఒక ఎత్తు. గడ్డి ఒకే మోపు కట్టి తేవడం మానేసి, అందరిలాగే రెండు విడతలుగా తెమ్మంది. "పనికాడ తెలివి సూపించు, బలం సూపించొద్దు. నీ బలమంతా తీస్కపోయి వాళ్ల గడ్డివాములో పోస్తే నీకేం మిగుల్తాది రా? పని పూర్తిగా చెయ్యి. నిన్ను నువ్వు పూర్తిగా ఇయ్యొద్దు." పెద్దింటి పని ఒక్క రవ్వ తగ్గలేదు. కానీ సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు నాలో నేను కొంత మిగిలి ఉండేవాణ్ని. అప్పటిదాకా అట్లా మిగలొచ్చని నాకు తెలియదు. ఆమె కోళ్లు పెట్టే గుడ్లు ఆళ్లగడ్డ సంతకు పోయేవి. ఆ ఏడాది కొన్ని గుడ్లు దారి తప్పి నా నోట్లోకి వచ్చాయి.

అయితే ఒక సంగతి నన్ను తినేసింది. రోలు తేలిక కావడం లేదు. మొదటి వారం ఎంత బరువో, వానలు వెనకబట్టాక కూడా అంతే బరువు. పత్తి పగిలే రోజులొచ్చినా అంతే. మూడో మారుకు మొదట్లో ఎట్లా రొప్పానో ఇప్పుడూ అట్లాగే రొప్పుతున్నాను. ఇన్ని నెలలు చేసి ఉన్నచోటే ఉన్నానంటే, గుండు మాకు మోసే రాయేనని చిన్నప్ప అన్నదే నిజమనుకున్నాను. ఒక శుక్రవారం రోలును గడప దగ్గర ధబాలున వదిలేసి, నా వల్ల గాదు అవ్వా అని కూలబడ్డాను.

అవ్వ సద్ది మూట పక్కన పెట్టి వచ్చింది. కొడవలి మొనతో రోలు మూతికున్న మట్టి పెళ్లగించింది. దాన్ని పక్కకు దొర్లించమంది. దొర్లిస్తే లోపలినుంచి ఇసుక జరజరా కారింది. ఇసుక వెనకాల గులకరాళ్లు. వాటి వెనకాల, నాగలికి అరిగిపోయిన పాత కర్రుల ఇనుపముక్కలు, ఒకటి కాదు, ఒడి నిండేటన్ని. నేను చేనికి పోయాక రెండు మూడు వారాలకొకసారి మూతి తెరిచి, ఒక దోసెడు వేసి, మళ్లీ మట్టి మెత్తేదట. అప్పుడప్పుడూ ఆ మట్టి తడిగా నా చేతికి అంటుకునేది. ఆర్నెల్ల కిందటి మట్టి ఈ పూట ఎందుకు తడిగా ఉందని నేను ఒక్కసారైనా అడగలేదు. నా తెలివి గురించి మొదట్లోనే మనవి చేశాను.

"ఇప్పుడెత్తు," అంది.

ఎప్పటి బరువే అనుకుని ఎప్పటిలాగే బిగబట్టి లేచాను. ఉత్తరోలు చేటలా లేచి నా గడ్డానికి తగిలింది. నేను వెనక్కి తూలి కోళ్లగంప మీద కూర్చున్నాను. గంప కింద కోళ్లు, గంప మీద నేను, ఎవరు ఎక్కువ అరిచారో చెప్పలేను. మా అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత మళ్లీ అన్నీ రోట్లో పోయించి, ఇంకో దోసెడు ఇనుము వేసి, మూతికి మట్టి పూసింది. "బరువు తేలికయ్యేదాకా కూచుంటే యాడోనివి ఆడనే ఉంటావ్ రా. అది పెరగల్ల, నువ్వు పెరగల్ల," అంది.

ఉగాది వచ్చింది. పొద్దున్నే నాయనా, మిగతా ముగ్గురూ, నేనూ గరిడీ దగ్గరికి పోయాము. నాయన తాళ్లు విప్పుతుంటే, దుంగ వద్దు నాయనా, నేను మోసుకొస్తా అన్నాను. ఆయన ముఖంలో నిరుటి పసుపునీళ్లు మెరిశాయి. వద్దురా అన్నాడు. మోసేది మన పనే గదా నాయనా, ఒకరు మోస్తే ఏం, నలుగురు మోస్తే ఏం అన్నాను. ఆయన తాళ్లు చుట్ట చుట్టుకుని తన భుజాన వేసుకుని, పక్కకు తప్పుకున్నాడు.

కూర్చున్నాను. ఎదకు కరుచుకున్నాను. ఒళ్లోకి వచ్చింది. ఒకసారి ఊపిరి. ఎదకు వచ్చింది. ఇంకోసారి ఊపిరి. భుజం మీదికి ఎక్కేటప్పుడు చెవి చర్మం కాస్త తీసుకుంది, ఆ మచ్చ ఇంకా ఉంది. లేచి నిలబడ్డాను. గరిడీ నుంచి చావిడికి ఉన్నది చిన్న వీధే. ఆ పూట అది నంద్యాల దాకా సాగింది. అరుగుల మీద మాటలు ఒక్కొక్క ఇంటి దగ్గరే ఆగిపోతూ వచ్చాయి. నాయన దుంగ పట్టుకుని నా వెనకే నడిచాడు. తల వంచలేదని తర్వాత అవ్వ చెప్పింది. నాకు వెనక్కి తిరిగే వీలు లేదు.

బయల్లో ముగ్గు వేసి ఉంది. చిన్నప్ప నూనె రాసుకుని నిలబడి ఉన్నాడు. వాళ్ల నాయన, పెద్దింటి పెద్దాయన, చావిడి మీద కూర్చుని ఉన్నాడు. మా పేటవాళ్లు నిలబడే మూలలో మా అవ్వ. నన్ను చూసి చిన్నప్ప చావిడి వైపు తిరిగాడు.

"నాయనా! వీడు గుండెత్తినాడు!" అని అరిచాడు.

బయలంతా ఆ మాట విన్నది. ఎత్తాడని చెప్పింది మేము కాదు, తలపాగా ఉన్న మనిషే చెప్పాడు.

"ఎత్తలేదప్పా," అన్నాను. "మోస్తాండా."

పెద్దాయన లెక్క వేసుకున్నాడు. ఎత్తాడంటే పంచాయతీ, కడగడాలు, అన్నిటికంటే ముందు తన కొడుకు ఎత్తే రాయిని ఒక జీతగాడు ఎత్తాడని పదిమందిలో ఒప్పుకోవడం. మోశాడంటే ఏమీ లేదు. "మోస్తాండాడు లేరా. వాని పనే గదా," అన్నాడు. పసుపునీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు.

అక్కడితో దించేయవచ్చు. కానీ ఒక ఏడాది బరువు ఊరికే దించబుద్ధి కాలేదు. చిన్నప్ప ముందుకు పోయి నిలబడ్డాను.

"యాడ పెట్టల్లప్పా?"

"ఆడ పెట్టు," అని వేలు చూపించాడు.

"ఆడంటే యాడప్పా?"

"ఆడ్నే రా, ముగ్గు కాడ!"

"ముగ్గు లోపలనా, బయటనా?"

"లోపల!"

"లోపలంటే, నడిమిట్లనా, వారకా? సరిగ్గా చెప్పప్పా, మళ్లా కదిలించల్లంటే నీకు కష్టం."

మొదట నవ్వింది ఎవరో చిన్నపిల్ల. తర్వాత అరుగుల మీద నుంచి ఒకటి, మా మూల నుంచి పది. చిన్నప్పకు చెప్పక తప్పలేదు. తానే వచ్చి, వంగి, ముగ్గు నడుమ వేలు ఆనించి చోటు చూపించాడు. ఆయన వేలు తీసుకునేదాకా ఆగి, అక్కడ, మెల్లగా, గుడ్డు పెట్టినట్టు గుండును దించాను.

చిన్నప్ప ఆ రోజూ ఎత్తాడు. బాగానే ఎత్తాడు, తలపాగా కూడా కట్టించుకున్నాడు. ఈల వేసినవాళ్లు మాత్రం తక్కువ. మరుసటి ఏడు గుండును తేవడానికి మమ్మల్ని పిలవలేదు, రెండెడ్ల బండి కట్టారు.

ఆ తర్వాత జీతం మాని, మళ్లీ చదువుకుని నేను బడిపంతులునయ్యాను, ఎన్నో ఆఫీసుల ముందు నిలబడ్డాను. బల్లల వెనక కూర్చున్నవాళ్లు నా ముఖం చూడకుండా, నా చోటు ఇదేనని వేలు చూపించి "ఆడ నిలబడు" అన్నప్పుడల్లా, నేను ఎంత అలసి ఉన్నా, ఎంత పని మీద పోయినా, చిరునవ్వుతోనే అడుగుతాను, "ఆడంటే యాడప్పా?" అని. ఇంతవరకూ ఒక్కరు కూడా లేచి రాకుండా, వంగకుండా, ఆ చోటు నాకు చూపించలేకపోయారు.